పాత గ్రామఫోను ప్లేట్లు, క్యాసెట్లు డిజిటల్ చేయించుకోవాలంటే: సత్యనారాయణపురం మాస్టారి గురించి నా రివ్యూ

ఇంట్లో అటక మీద పాత రికార్డులో క్యాసెట్లో ఉండి, వాటిని ఎక్కడ ఇవ్వాలో తెలీక ఊరుకున్నవాళ్ళ కోసం రాస్తున్నా. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పెద్దాయన ఇంటి ముందుగదిలోనే ఈ పని చేస్తాడు. ఐదుకి ఐదు ఇస్తా, ఆలోచించక్కర్లేదు. షాపుకి బోర్డు లేదు, పేరూ లేదు, నెట్‌లో నంబర్ పెట్టొద్దు బాబూ ఒక్కణ్ణే చేసుకుంటున్నా అన్నాడు కాబట్టి పెట్టట్లేదు, నిజంగా కావాల్సినవాళ్ళు నాకు మెసేజ్ చేస్తే ఆయన్ని అడిగి చెప్తాను. రిటైరైన టీచరు, అందుకే అందరూ మాస్టారు అంటారు.

మా తాతయ్యది తెనాలి. తెనాలి అంటే నాటకం కదా, ఆయనకీ పద్యనాటకం అంటే ప్రాణం, నటుడు కాదు గానీ ఎక్కడ కృష్ణరాయబారం సీను వేస్తున్నా తెల్లార్లూ కూర్చుని వినొచ్చే రకం. ఆయన పోయాక పెట్టె నా దగ్గరికి వచ్చింది. అందులో 78 ప్లేట్లలో, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం గ్రామఫోను ప్లేట్లలో, ఒక డ్రామా సెట్టు (ఒకే నాటకం వరసగా పట్టిన కొన్ని ప్లేట్లు), ఘంటసాల గారి పుష్పవిలాపం, తర్వాతి కాలం ఎల్పీలు (నిమిషానికి 33 చుట్లతో ఎక్కువసేపు వచ్చే ప్లాస్టిక్ రికార్డులు) కొన్ని, వాటిలో దానవీరశూరకర్ణ, ముత్యాలముగ్గు డైలాగుల రికార్డులు, ఘంటసాల భగవద్గీత, ఇక అడుగున రేడియోలోంచి ఇంట్లోవాళ్ళే పట్టిన క్యాసెట్లు బోలెడు. వీటిలో రెండు క్యాసెట్లు ఇంతకుముందు వేరే ఊళ్ళో ఒక స్టూడియోలో చేయించాను. సాఫ్ట్‌వేర్ పెట్టి బరబరా శబ్దం మొత్తం తీసేశారు, శబ్దంతో పాటు గొంతులో ఉండే గరుకూ పోయింది, స, శ అక్షరాలు కూడా సరిగ్గా వినపడకుండా అందరూ నీళ్ళలోంచి మాట్లాడినట్టు వచ్చింది. క్లీన్‌గా ఉంది కదండీ అన్నారు. అందుకే ఈసారి ప్లేట్లు ఎవరికైనా ఇచ్చే ముందు వాళ్ళు ఏం చేస్తారో పక్కన కూర్చుని చూడాలనుకున్నా. మాస్టారు కూర్చోనిచ్చాడు, అసలు మొదటి బ్యాచ్‌కి పక్కనే కూర్చోమని ఆయనే అంటాడు.

ముందు 78 ప్లేట్ల సంగతి చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది పాడుచేసేది వీటినే. ఇవి ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసినవి, లక్కలో రాతిపొడి లాంటివి కలిపి అచ్చు పోసేవాళ్ళు. ఎల్పీల్ని స్పిరిట్ కలిపిన నీళ్ళతో తుడవొచ్చు, 78ని మాత్రం స్పిరిట్‌తో తుడిస్తే అంతే సంగతులు. కార్పెంటర్లు లక్కని స్పిరిట్లో కరిగించే కదా చెక్కకి పాలిష్ వేసేది, అలాగే ప్లేటు మీద ముల్లు నడిచే గాడీ కరిగిపోద్ది. మాస్టారు డిస్టిల్డ్ వాటర్లో ఒక్క చుక్క సోపు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, లేబుల్ తడవకుండా మధ్యలో ఒక మూత లాంటిది బిగించి కడుగుతాడు. మా డ్రామా సెట్టు లేబుళ్ళు సగం పురుగు కొట్టేసినయ్, ఐనా మిగిలిన సగానికి చుక్క నీరు తగలనివ్వలేదు. లేబుల్ పక్కన గాడి అయిపోయిన చోట చిన్న నంబర్లు గీసి ఉంటాయి, కంపెనీ వాళ్ళు అచ్చు గుర్తు కోసం వేసుకునేవి, భూతద్దం పెట్టి అవి కూడా రాసుకున్నాడు. ఏ ప్లేటు తర్వాత ఏ ప్లేటో ఆ నంబర్లు చూసే వరసలో పెట్టాడు.

తర్వాత ముల్లు. ఎల్పీ గాడి సన్నం, 78 గాడి దానికి మూడు రెట్లు వెడల్పు. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున ఉన్న మట్టిలో దొర్లుతుంది, గోడలకి ఆనదు, అందుకే పాటకంటే గరగర ఎక్కువొస్తుంది. ఆయన దగ్గర 78కి వేరే ముళ్ళు, అందులోనూ సైజులు ఉన్నాయి. తాతల కాలంలో స్టీలు ముల్లుతో వేలసార్లు వేసి ఒక ఎత్తులో గాడి గోడ అరిగిపోయి ఉంటుంది కాబట్టి, కొంచెం లావు ముల్లో సన్న ముల్లో పెడితే అరగని చోట ఆనుతుంది, అప్పుడు గొంతు ఒక్కసారిగా ముందుకొస్తుంది. పుష్పవిలాపం ప్లేటు ఇలాగే మూడు ముళ్ళతో వేసి వినిపించాడు. మూడోదానికి ఘంటసాల గారు ఊపిరి తీసుకోవటం వినపడింది. కరుణశ్రీ గారి పద్యాలు అవి, నేను చిన్నప్పట్నుంచీ యూట్యూబ్‌లోనే విన్నాను, పూలు మాట్లాడుతుంటే పాడేవాడి ఊపిరి వినపడటం ఇదే మొదలు. ఏడుపొచ్చింది నిజంగా.

ఇంకోటి స్పీడు. 78 అని పేరే గానీ పాతవన్నీ ఖచ్చితంగా నిమిషానికి 78 చుట్లే కాదు, కొన్ని ఎక్కువ కొన్ని తక్కువ స్పీడులో రికార్డు చేసినవి ఉంటాయి. స్పీడు తప్పితే శృతి మారిపోతుంది, మగ గొంతు పిల్లాడి గొంతైపోద్ది. మాస్టారు హార్మోనియం శృతి పట్టుకుని సరిచేస్తాడు, నాటకం రికార్డుల్లో వెనక హార్మోనియం ఎలాగూ ఉంటుంది కదా. శృతిపెట్టె పక్కన పెట్టుకుని, ప్లేటు స్పీడు కొంచెం కొంచెం మారుస్తూ, అదిగో కూర్చుంది అనేదాకా తిప్పుతాడు. నా చెవికి తేడా తెలీలేదు మొదట్లో, రెండూ పక్కపక్కన వేస్తే తెలిసింది.

డ్రామా సెట్టు గురించి కొంచెం ఎక్కువే చెప్తా ఏమనుకోకండి. 78 ప్లేటు ఒక సైడుకి పట్టేది మూడు నిమిషాల చిల్లర. స్టేజీ మీద రాయబారం పద్యం అంటే రాగం తీసి, జనం వన్స్‌మోర్ కొడితే మళ్ళీ తీసి, ఒక్క పద్యం పది నిమిషాలు పాడేవాళ్ళు. అలాంటి మనుషుల్ని ఒక గదిలో నిలబెట్టి మూడు నిమిషాల్లో ముగించమంటే ఎలా ఉంటుంది? అది ఈ ప్లేట్లలో వినపడుద్ది. రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వెంకటకవుల పద్యం, ఎత్తుగడ స్టేజీ మీదలాగే నిదానంగా మొదలవుతుంది, రెండో పాదం దాటేసరికి తొందర వస్తుంది, చివరి ఆలాపన సగంలో కత్తిరించినట్టు ఆగిపోతుంది, ప్లేటు అయిపోయింది కాబట్టి. చిన్నప్పుడు నాకిది లోపంలా అనిపించేది. ఇప్పుడు అనిపిస్తుంది, మూడు నిమిషాల్లో కూడా ఆ మనిషి ఎక్కడ నిలబడాలో ఎక్కడ వదిలేయాలో ఎంత లెక్కగా ఎంచుకున్నాడా అని. వన్స్‌మోర్ లేదు, జనం లేరు, ఎదురుగా ఉన్నది ఒక్క మైకు. ఐనా కృష్ణుడి గొంతులో ఆ చిలిపితనం పోలేదు. పీసపాటి నరసింహమూర్తి గారు, షణ్ముఖి ఆంజనేయరాజు గారు, ఈలపాట రఘురామయ్య గారు ఇలాంటి పద్యనాటక నటుల పేర్లు మా ఇంట్లో దేవుళ్ళ పేర్లలా వినపడేవి, పద్యం ఎవరు ఎక్కడ విరిచారు అనేదాని మీద తాతయ్య, ఆయన ఫ్రెండు నెలల తరబడి మాట్లాడుకోని సందర్భం కూడా ఉంది.

మాస్టారు పని చేస్తూ చెప్పిన ముచ్చట ఒకటి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన రికార్డుల్లో పాట చివర ఆవిడ తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్తుంది. గొప్ప కోసం కాదు, అప్పుడు ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో హానోవర్లో, అక్కడివాళ్ళకి ఏది ఎవరి పాటో తెలియాలి కదా. ఇలాంటివి ఆయన దగ్గర చాలా ఉన్నాయి, టైం ఉంటే అడగండి, చెప్పటం ఆయనకీ ఇష్టమే.

ఇక డైలాగుల ఎల్పీలు. ఈ తరం పిల్లలకి చెప్తే నమ్మరు, సినిమా మాటలు రికార్డులుగా కొనుక్కుని విన్న జనం మనం! టీవీ ఇంకా ఊళ్ళకి రాలేదు, సినిమా ఊళ్ళోంచి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు, కాబట్టి రికార్డే సినిమా. పెళ్ళి అయినా, శ్రీరామనవమి పందిరైనా, మైకుసెట్టు అతను చెట్టుకి హారన్ కట్టి ముందు భక్తిపాట ఒకటి వేసి తర్వాత దానవీరశూరకర్ణ డైలాగులు పెట్టేవాడు, ఊరంతా పొలాల దాకా వినపడేది. 1977 సంక్రాంతికి వచ్చిన సినిమా అది, ఎన్టీఆర్ గారే డైరెక్టరు, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ ఆయనే. మాటలు కొండవీటి వెంకటకవి గారివి. సభలో కర్ణుడి కులం అడిగినప్పుడు దుర్యోధనుడు ఎత్తుకునే ఆ పొడుగాటి డైలాగు, బడికి వెళ్ళనివాళ్ళు కూడా సమాసాలతో సహా అప్పజెప్పేవాళ్ళంటే దానికి కారణం సగం సినిమా హాలు, సగం ఈ రికార్డులు. నా ఉద్దేశంలో ఇది చిన్న విషయం కాదు. అంత గ్రాంథికం, అంత బరువైన తెలుగు, మైకుసెట్టు మీద నుంచి కూలికి వెళ్ళేవాళ్ళ నోటికి చేరింది.

ముత్యాలముగ్గు ఇంకో తీరు. 1975లో వచ్చింది, బాపు గారి డైరెక్షను, ముళ్ళపూడి వెంకటరమణ గారి మాటలు, రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు. అక్కడ గొంతు పెంచటం లేదు, గోదావరి జిల్లా యాసలో నింపాదిగా, నవ్వుతూ, మనిషిని చంపించే సంగతి కూడా కాఫీ తాగుతున్నంత తీరిగ్గా మాట్లాడతాడు. బొమ్మ లేకుండా వింటే ఆయన మాట మాటకి మధ్య ఎంతసేపు ఆగుతాడో తెలుస్తుంది. మా ఎల్పీలో సరిగ్గా అక్కడే గీత పడి ముల్లు ఇరుక్కునేది, ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చేది, 33 స్పీడు ఎల్పీ కాబట్టి రెండు సెకన్లకోసారి అదే మాట. మాస్టారు ముల్లు బరువు కొంచెం పెంచి, ముల్లు బిగించి ఉండే చెయ్యి, అంటే టోన్‌ఆర్మ్‌ని వేలితో కాదు ఒక చిన్న దారంతో మెల్లగా పక్కకి లాగుతూ ఆ చోటు దాటించాడు. తర్వాత కంప్యూటర్లో ఆ గీత టక్కు ఒక్కటే తీశాడు, మాటల మధ్య ఆ నిశ్శబ్దాన్ని ముట్టుకోలేదు. నేను ఆయనకి ఐదు మార్కులు ఇచ్చింది ముఖ్యంగా దీనికే.

భగవద్గీత రికార్డు కూడా చేశాం. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో పోయారు, గీత రికార్డు జనంలోకి వచ్చింది ఆ తర్వాతే. ఇప్పుడు మన ఊళ్ళలో అది ఎక్కడ వినపడినా ఎవరో పోయారని అర్థం, వైకుంఠ వాహనం మీద తప్ప ఇంకెక్కడా వేయట్లేదు, ఇంట్లో వేస్తే పక్కింటివాళ్ళు కంగారుపడి వస్తారు. ఆ ఒక్క అలవాటు వల్ల ఎంత మంచి పాట మన ఇళ్ళలోంచి వెళ్ళిపోయిందో అని నాకు బాధ. ఎల్పీలోంచి తీసిన కాపీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా వినండి ఒకసారి, శ్లోకం తర్వాత తెలుగు తాత్పర్యం దగ్గర గొంతు ఎలా దిగుతుందో వినండి.

క్యాసెట్లకి వద్దాం. మా క్యాసెట్లు కొన్నవి కాదు, రేడియోలోంచి పట్టినవి. విజయవాడ స్టేషను 1948 డిసెంబర్‌లో మొదలైంది, ఆ స్టేషను నాటకాలు, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి రామాయణం భారతం, వివిధభారతిలో సంక్షిప్త శబ్దచిత్రం, ఇవన్నీ మావాళ్ళు పట్టారు. శబ్దచిత్రం అంటే తెలీనివాళ్ళకి, మొత్తం సినిమా సౌండుని ఒక గంటకి కుదించి రేడియోలో వేసేవాళ్ళు, అది వినే సినిమా చూసినట్టు కథ చెప్పుకునేవాళ్ళం. మొదట్లో ఇంట్లో ఉన్నది రేడియో వేరు, టేప్‌రికార్డర్ వేరు, వైరు లేదు, అందుకని రేడియో ఎదురుగా టేప్‌రికార్డర్ పెట్టి అందర్నీ నోరుమూసుకోమని చెప్పి పట్టేవాళ్ళు. ఎవరూ మూసుకోలేదు. ఉషశ్రీ గారు హనుమంతుడు లంకలో సీతమ్మని చూసే ఘట్టం చెప్తుంటే వెనక మా అమ్మమ్మ ఎవరినో పాలు దించమంటోంది.

ఈ చోట మాస్టారు ఆపి అడిగాడు, ఇది తియ్యనా ఉంచనా అని. పాత చోట ఈ ప్రశ్నే అడగలేదు. ఉంచమన్నా. ఆయన ప్రతి క్యాసెట్‌కీ రెండు ఫైళ్ళు ఇస్తాడు, ఒకటి టేపులో ఏముంటే అది, ఏమీ ముట్టుకోకుండా, పెద్ద వేవ్ ఫైలు, రెండోది హమ్మింగ్, టక్కులు తగ్గించి వినటానికి వీలుగా చేసింది. మొదటి ఫైలు జాగ్రత్తగా దాచుకో బాబూ, పదేళ్ళకి ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తుంది, అప్పుడు దీన్నుంచి మళ్ళీ చేసుకోవచ్చు, నేను తీసేసింది మాత్రం మళ్ళీ రాదు అన్నాడు. ఈ పని చేసే ప్రతి ఒక్కళ్ళకీ ఈ బుద్ధి ఉంటే ఎంత బాగుండేదో.

క్యాసెట్ లోపల చిన్న స్పాంజి ముక్క మీద ఫెల్ట్ ఉంటుంది, టేపుని, ప్లేయర్లో సౌండు చదివే ముక్క అయిన హెడ్‌కి నొక్కిపెట్టేది, పాతవాటిలో అది ఊడిపోయి సౌండు లేచి పడిపోతుంటుంది, చాలామంది టేపే పోయిందనుకుని పారేస్తారు. మాస్టారు వేరే క్యాసెట్‌లోంచి ఆ ముక్క తీసి వేశాడు, సౌండు వచ్చేసింది. స్క్రూలు ఉన్న క్యాసెట్ అయితే విప్పి బిగిస్తాడు, అతికించిన రకమైతే రీళ్ళు తీసి వేరే డబ్బాలోకి మారుస్తాడు. తెల్లగా బూజు పట్టినవి విడిగా తుడిచాకే ప్లేయర్‌లో పెడతాడు, లేకపోతే హెడ్ మీద చేరి తర్వాతి క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది. ప్రతి క్యాసెట్‌కీ హెడ్ కోణం చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేస్తాడు, ఎందుకంటే ఏ టేప్‌రికార్డర్‌లో పట్టారో దాని వంకరే టేపులోనూ ఉంటుంది, దానికి తగ్గట్టు మన హెడ్ కూడా వంచితేనే అక్షరాలు విడివిడిగా వస్తాయి. నా పాత రెండు క్యాసెట్లు కూడా మళ్ళీ ఇచ్చాను, ఈసారి స, శ తేడా తెలిసింది.

బాలేనివి కూడా చెప్పాలి. చాలా లేటు. ఇచ్చిన వారానికి వస్తుందనుకుంటే కుదరదు, నెలలు పట్టొచ్చు, ప్లేటు ఎంతసేపుంటే అంతసేపు కూర్చుని వినాల్సిందే కదా, ఫాస్ట్‌గా చేసే మార్గం లేదు. రేటు సైడు లెక్కన తీసుకుంటాడు, మామూలు స్టూడియోల కంటే ఎక్కువే, కానీ పగిలిన ప్లేటు రాకపోతే డబ్బులు తీసుకోడు. ఫైళ్ళ పేర్లు ఆయన సొంత నంబర్లతో పెడతాడు, ఏది ఏంటో తెలియాలంటే ఆయన చేత్తో రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకోవాలి, ఇంటికొచ్చాక మనమే మార్చుకోవాలి. వీడియో క్యాసెట్లు, 8 ఎంఎం ఫిల్ములు చేయడు. కొరియర్లో పంపితే తీసుకోడు, 78 ప్లేటు చేతిలోంచి జారితే చాలు ముక్కలే కాబట్టి స్వయంగా తెమ్మంటాడు. సందు ఇరుకు, కారు పెట్టే చోటు లేదు, బండి మీద గానీ ఆటోలో గానీ వెళ్ళండి. సాయంత్రం కరెంటు ఊగుతుందని పొద్దున పూటే రికార్డింగు పెట్టుకుంటాడు.

ఇంకోటి, యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశం ఉందా అని ముందే అడుగుతాడు. మన చట్టం ప్రకారం సౌండు రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది, పద్యం రాసినాయన హక్కు విడిగా ఆయన పోయాక 60 ఏళ్ళు. కాబట్టి 70ల్లో వచ్చిన డైలాగుల ఎల్పీలు ఇంట్లో వినటానికే. ఎవరిదో ప్లేటు ఇంకొకరికి కాపీ ఇవ్వమన్నా ఇవ్వడు.

తీసుకెళ్ళే ముందు మీరు చేయాల్సినవి కూడా చెప్పేస్తా. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పుస్తకాల్లా నిలబెట్టి, మధ్యలో అట్టముక్కలు పెట్టి తీసుకెళ్ళండి. ఎండలో కార్లో వదిలితే ఎల్పీ వంకరపోద్ది. ఇంట్లో తుడవటానికి ప్రయత్నించొద్దు, మట్టితో సహా ఇచ్చేయండి. విరిగిన 78 ముక్కలు పారేయొద్దు, రెండు ముక్కలైనది అతికించి వేయొచ్చు, ప్రతి చుట్టుకీ రెండు టక్కులు వస్తాయి, నిమిషానికి 156 టక్కులన్నమాట, అవి ఒక్కొక్కటీ ఏరి తీసేస్తాడు, మా సెట్టులో ఆఖరి ప్లేటు అలాగే బతికింది. అట్ట కవర్లు, పాటల పుస్తకాలు, బిల్లులు ఏమున్నా వెంట తీసుకెళ్ళండి, వాటి మీది నంబర్లు, పేర్లు ఆయనకి పనికొస్తాయి. సినిమా హాల్లో అమ్మిన పాటల పుస్తకాలుంటే మరీ మంచిది, అరిగిన పాటలో మాట వినపడకపోతే అది చూసి సరిచూసుకుంటాడు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని కూడా తీసుకెళ్ళండి, రేడియో క్యాసెట్లలో వెనక మాట్లాడేది ఎవరో గుర్తుపట్టి చెప్తే ఆ పేర్లు కూడా కాగితంలో రాస్తాడు. మా అమ్మ ఇప్పటికి సగం క్యాసెట్లు విని పేర్లు చెప్పింది, మిగతా సగం దసరా తర్వాత ఇస్తానన్నాడు.